రెండు నూళ్ళు

ఏడు రోడ్ల జంక్షన్లో దుకాణంవాడు
మూడు ముక్కలు చేతిలో పెట్టాడు.
జానెడేసి పొడవు. వెనక పెన్నుతో ఒకటీ, రెండూ, మూడూ.
"చెక్కపొడి, ప్లాస్టిక్కు కలిపి పోత పోసిందండి.
చెద పట్టదు, ఉప్పుగాలి ఏం చెయ్యదు. పాతికేళ్ళు."
పాతికేళ్ళు అనే మాట
చిల్లర తిరిగిచ్చినట్టు అన్నాడు.

కళింగపట్నంలో మా మేడ మీద
సముద్రం వైపు పన్నెండడుగులు బై పది.
అక్కడ పరిచిన సరుగుడు బల్లలు
నాలుగు వానలకే దువ్వెనల్లా పళ్ళు తేలాయి.
మేకుల చుట్టూ తుప్పు, కుంకుమ ఒలికినట్టు.

నేను టైలర్ని.
ముక్క చూసి తాను కొనను.
తడపాలి, ఆరబెట్టాలి, ఇస్త్రీ పెట్టె మోపాలి,
అప్పుడు గానీ బట్ట నోరు విప్పదు.

ముక్కలు మూడూ పిట్టగోడ ఎక్కాయి.
ఒకటోది టేకు రంగు, పైన తొడుగున్నది, ఖరీదు.
రెండోది లోపల గుల్ల.
మూడోది ఊకతో చేసిందట, బూడిద రంగు.
గీరితే రైసుమిల్లు దగ్గరి గాలి వాసన,
లేక నాకే అలా అనిపించిందో.

వైశాఖం, మధ్యాహ్నం రెండు.
చెప్పులు విప్పి ఒక్కోదాని మీద మడమ ఆనించాను.
ఒకటోది అట్లపెనం.
రెండోది జోగారావు బరువుకి మూలిగింది.
మూడోదాని మీద పది అంకెలు లెక్కపెట్టగలిగాను.
చేపల పులుసు పోసి చూశాను.
తొడుగున్నది చెంబెడు నీళ్ళకే కడుక్కుంది.
మూడోది పసుపు తాగేసింది.
వారం ఎండకి ఆ మరక వెలిసింది,
మరకతో పాటు అదీ వెలిసింది.

"డబ్బు పెట్టాక కొత్తగానే ఉండాలి కదా,"
జోగారావుది ఒకటో నంబరు.
పదకొండు రోజులు అన్నం దగ్గర అంకెలే.
"ఒకటి."
"మూడు."
"పెరుగు వెయ్యి."
"మూడు."

వడ్రంగి సన్నాసాచారి వచ్చి
ముక్కల్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
సంచిలోంచి చిత్రిక సగం తీసి, మళ్ళీ లోపల పెట్టేశాడు.
"దీనికి నానేటి సెయ్యాల?
కోసీడం, క్లిప్పు తగిలించీడం. అంతే గదా."
కాసేపు సముద్రాన్ని చూశాడు.
"జానెడు ముక్క ఏటీ సెప్పదమ్మా,
పన్నెండడుగుల పలక సెప్తాది.
ఎండకి ఒళ్ళు సేత్తాది. ఏ నంబరైనా ఒకటే.
సివర్న రెండు నూళ్ళు సందు ఒగ్గీండి.
నేదంటే ఒకదాన్నొకటి తోసుకుని లేసిపోతాయి."

నూలంటే నాకు దారం.
అతనికి అంగుళంలో ఎనిమిదో వంతు.
ఒకే మాట మీద బతుకుతున్నాం ఇద్దరం,
ఇన్నాళ్ళూ తెలీదు.
పద్దెనిమిదేళ్ళుగా ప్రతి జాకెట్టు పక్క కుట్టులో
నేను మడిచి దాస్తున్నదీ ఇదే,
వచ్చే ఏటి ఒంటికి కాస్త చోటు.
ఎవరూ అడగరు.
బిగుతై విప్పదీసిన రోజున
అక్కడ బట్ట రంగు ఇంకా కొత్తగా ఉంటుంది.

చివరికి మూడోదే వేశాం.
నా మాట గెలిచి కాదు.
ఒక మధ్యాహ్నం జోగారావు చెప్పుల్లేకుండా పైకెళ్ళి
ఏమీ అనకుండా దిగొచ్చాడు,
బాల్టీలో కాలు పెట్టుకుని కూర్చున్నాడు.

ఒకటో ముక్క ఇప్పుడు కుట్టుమిషను కాలి కింద,
కుదుపు లేకుండా.
రెండోదాని గుల్లల్లో నా చాకుపీసులు.
మూడోది సన్నాసాచారి పట్టుకెళ్ళాడు,
"వాసన లేని సెక్క, మా గుంటడికి సూపిత్తాను" అని.

రాత్రి చల్లబడ్డాక పలకలు
ఒక్కోటీ టక్కుమని సర్దుకుంటాయి.
గాలి తెచ్చిన ఇసుక ఆ రెండు నూళ్ళలో చేరుతుంది.
నెలకోసారి మోకాళ్ళ మీద కూర్చుని
పాత కత్తెర మొనతో తీస్తుంటాను.